మా బడి దత్తత తీసుకున్న ప్లేగు

ఇందుమతి పోయింది గురువారం. మా జిల్లాలో మైలురాళ్ళ కౌన్సెలింగు కూడా ఆ రోజు మధ్యాహ్నమే. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని మా హెడ్మాస్టరు తవిటినాయుడుగారు మొదటిదానికి వచ్చి, రెండోదానికి అందుకోలేకపోయారు. అందువల్ల మా బడికి ప్లేగు వచ్చింది.

ఇందుమతి నా భార్య. నీలమ్మవలస ఉన్నత పాఠశాలలో ఆమె ఇంగ్లిష్ చెప్పేది. నేను సోషల్ చెప్తాను.

కౌన్సెలింగు సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మా విద్యాశాఖలో పెద్ద అధికారి ఒకాయన ఆ వేసవిలో శిక్షణ కోసం ఇంగ్లండు వెళ్ళి వచ్చారు. అక్కడ ఏ పాత గోడ చూసినా దానికి ఒక బోర్డు, ఆ బోర్డు మీద ఒక సంవత్సరం కనిపించాయి. మన పిల్లలకు సంవత్సరాలు గుర్తుండకపోవడానికి కారణం, వాటి బాధ్యత ఎవరూ తీసుకోకపోవడమేనని ఆయనకు విమానంలో తట్టింది. విమానం దిగిన వారానికే ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'మధ్యయుగ ఇంగ్లండు చారిత్రక, సాహిత్య మైలురాళ్ళ దత్తత పథకం'. జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల ఒక మైలురాయిని దత్తత తీసుకుని, దానిని 'సంరక్షించి, ఆచరించి, కొలవదగిన ఫలితములు చూపవలెను'.

మన చరిత్ర ఉండగా వాళ్ళదెందుకని ఒక ఉపాధ్యాయుడు అడిగాడట. మన చరిత్రలో ఏ సంవత్సరం ముట్టుకున్నా ఎవరో ఒకరు ధర్నాకి కూర్చుంటారనీ, మధ్యయుగ ఇంగ్లండు వారికి మన జిల్లాలో సంఘం లేదనీ జవాబు వచ్చింది.

మైలురాళ్ళను కౌన్సెలింగు ద్వారా పంచారు. టీచర్ల బదిలీలకు ఏ పద్ధతో దీనికీ అదే. బడికి ఎన్నేళ్ళు, మరుగుదొడ్లు ఎన్ని, పదో తరగతి ఉత్తీర్ణత ఎంత అని పాయింట్లు వేసి, వరుస ప్రకారం హెడ్మాస్టర్లు కంప్యూటర్లో కోరుకోవాలి. అన్నిటికంటే గిరాకీ 1476కి. ఆ ఏడు ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టారు. ఒక ఫ్లెక్సీ కొట్టిస్తే ఆచరించినట్టే. దాని తర్వాత 1215కి. రాజు కూడా చట్టానికి లోబడతానని ప్రభువులకు పత్రం రాసిచ్చిన ఏడు అది. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చినవాళ్ళు దేశాన్ని గెలిచి, ఊరూరా ఎడ్లతో సహా లెక్కరాసి పన్ను వేశారు. 1381లో రైతులు తిరగబడ్డారు. సాహిత్యం కోటాలో, యాత్రకు పోతూ దారిపొడుగునా కథలు చెప్పుకున్న యాత్రికుల కావ్యం ఒకటి ఉంది.

ఇందుమతి 1362 కోరుకోమంది. అంతవరకు ఇంగ్లండు కోర్టుల్లో వాదనలు ఫ్రెంచిలో జరిగేవి. శిక్ష పడ్డవాడికి తనకు ఎందుకు పడిందో అర్థమయ్యేది కాదు. ఆ ఏడు, వాదన ప్రజల భాషలోనే జరగాలని చట్టం చేశారు. "మన పిల్లలకి ఇది బాగా అర్థమవుతుందండీ. వాళ్ళకీ నా క్లాసులో అలాగే ఉంటుంది" అని తవిటినాయుడుగారితో స్టాఫ్ రూములో అంటే అందరం నవ్వాం. పాయింట్ల ప్రకారం అది మాకు వచ్చి ఉండేది.

గురువారం తవిటినాయుడుగారు స్టాఫునంతా వెంటపెట్టుకుని శ్మశానానికి వచ్చారు. ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తెరిచేసరికి మా బడి వంతు దాటిపోయింది. ఎవరూ కోరుకోకుండా మిగిలిన మైలురాయిని కంప్యూటరే మాకు ఇచ్చింది. 1348, ప్లేగు.

ఈ విషయం ఆయన నాకు చాలా రోజులు చెప్పలేదు. గుమాస్తా ద్వారా తెలిసి నేనే వెళ్ళి అడిగితే, "ఏదో ఒకటి వొచ్చింది కదా మాస్టారూ, అదీ మైలురాయే" అన్నారు.

మొదటి సమీక్ష జిల్లా కేంద్రంలో జరిగింది. తవిటినాయుడుగారు నన్ను తోడు తీసుకెళ్ళారు. ప్లేగు సోషల్ కిందికి వస్తుంది.

పథకం సమన్వయాధికారి విశ్వంభరంగారు వేదిక మధ్యలో కూర్చున్నారు. ఆయన మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఉత్తర్వులో లేని మాట మాట్లాడరు. హెడ్మాస్టర్లు ఒక్కొక్కరే లేచి ప్రగతి చెప్పారు.

1066 బడివారు పక్క బడి ఆటస్థలాన్ని జయించి, అక్కడ మేస్తున్న ఎడ్లు, మేకలు, తుమ్మచెట్లు అన్నీ సర్వే చేసి పన్ను నిర్ణయించారు. 1215 బడిలో పిల్లలు హెడ్మాస్టరు చేత పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆయనకు పూట సెలవు కావాలన్నా క్లాసు లీడరు ఒప్పుకోవాలి. 1381 బడివారు పోలీసు అనుమతి తీసుకుని పది గంటలకు తిరగబడ్డారు.

"అణచివేత ఎన్ని గంటలకు పూర్తయినది?" అని విశ్వంభరంగారు అడిగారు.

"పదకొండున్నరకండి. పన్నెండుకి భోజనాలు."

"సంతోషం."

యాత్రికుల కావ్యం బడివారు పిల్లల్ని ఆర్టీసీ బస్సులో సింహాచలం తీసుకెళ్ళి కథలు చెప్పించారు. కొన్ని కథలు సభ్యంగా లేవని తల్లిదండ్రుల కమిటీ అభ్యంతరం చెప్పింది. దాంతో ప్రతి కథలోనూ నీతిని ఉంచి కథను తీసేశారు. 1362 వేరే బడికి పోయింది. అక్కడ ఫ్రెంచి చెప్పేవారు లేకపోవడంతో హిందీ మాస్టారిని ఫ్రెంచిగా పరిగణించమని ఉత్తర్వు తెచ్చుకున్నారు. సగం సంవత్సరం అందరూ ఆయనతో మాట్లాడి, తర్వాత మానేస్తారు. హిందీ మాస్టారు ఆ సభలోనే ఉన్నారు. ఆయన దిగులుగా కనిపించారు.

మా వంతు వచ్చింది.

"నీలమ్మవలస. ప్లేగు. మార్గదర్శకముల ప్రకారము జనాభాలో మూడవ వంతు మరణము లక్ష్యము. సాధించినది ఎంత?"

తవిటినాయుడుగారు లేచి నిలబడ్డారు. "మేం పరిశుభ్రత మీద వ్యాసాలు రాయించామండి. ఎలకల బొమ్మలేయించాం."

"అవి సహాయక కార్యక్రమములు. మరణములు?"

"లేవండి."

"సున్నా శాతము." విశ్వంభరంగారు బాధగా తల ఆడించారు. "తోటి పాఠశాలలు ఇంత చేస్తుండగా మీరు ఒక్క మరణము కూడా చూపలేకపోయినారు. మీ నోడల్ ఆఫీసరు ఇందుమతిగారు ఎందుకు హాజరు కాలేదు?"

ఆమె పేరు ఇంకా కంప్యూటర్లో సర్వీసులోనే ఉంది. ప్రతి బడిలో ఇంగ్లిష్ టీచరే ఈ పథకానికి నోడల్ ఆఫీసరు. ఆ పేరు తీయడానికి కావలసిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. నేను ఇవ్వలేదు.

"ఆవిడ చనిపోయారండి" అన్నారు తవిటినాయుడుగారు.

విశ్వంభరంగారు నిజంగానే విచారించారు. కళ్ళజోడు తీసి, ఒక నిమిషం తల దించుకున్నారు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, మాకు సాయం చేయాలన్న ఉద్దేశంతోనే అన్నారు: "అయితే సున్నా కాదు కదా. పాఠశాల జనాభా అనగా సిబ్బంది కూడా. ఒకటి ఉన్నది."

తవిటినాయుడుగారు ఎప్పుడూ అధికారుల ముందు గొంతు పెంచరు. అప్పుడూ పెంచలేదు. "ఆ ఒకటి మేము సూపించమండి" అన్నారు. "మీరు సున్నాయే రాసుకోండి."

సున్నా రాసుకున్నారు. కింద, నెలాఖరులోగా లక్ష్యం సాధించకపోతే బడి మీద చర్య తీసుకుంటామని ఎర్ర సిరాతో రాశారు.

తిరుగు బస్సులో తవిటినాయుడుగారు కిటికీలోంచి చూస్తూ, "పథకం యాపులో రాసీడమే కదా మాస్టారూ. రాసీద్దాం. పిల్లలకేటవుతాది?" అన్నారు. నాకూ ఏమీ అవదనే అనిపించింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన పిల్లలకు విషయం వివరించారు. మా బడిలో రెండువందల నలభై మంది. ఎనభై మంది చనిపోవాలి. ఎవరికీ నొప్పి ఉండదు. మాట పూర్తవకుండానే చేతులు లేచాయి.

"నాను సచ్చిపోతానండీ!"

"నువ్వు మొన్న డ్రాయింగు పోటీకీ ఎల్లినావు కదేటి. ఈపాలి నాను."

"సచ్చిపోతే హోంవర్కు రాయక్కర్లేదాండీ?" అని తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగాడు.

"సచ్చినా రాయాలి" అన్నారు తవిటినాయుడుగారు. సగం చేతులు దిగిపోయాయి.

పక్షపాతం లేకుండా ఉండాలని ప్రతి తరగతిలోనూ మూడో నంబరు, ఆరో నంబరు, తొమ్మిదో నంబరు, అలా తీసుకున్నాం. తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలేమో అన్నాను. "ప్లేగు ముందు సెప్పి వొస్తాదేటి మాస్టారూ?" అన్నారు. చరిత్ర ప్రకారం అది నిజమే.

ఎనభై పేర్లూ నేనే ఎక్కించాను. యాపులో పిల్లవాడి పేరు పక్కన 'మరణము' అని నొక్కితే, కారణం అడుగుతుంది. కారణాల్లో ఒకటే ఉంది: 'ప్లేగు (మధ్యయుగ)'. ఒక్కో పేరుకు రెండు నొక్కులు.

మా ప్లేగుకు జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. శాలువా, షీల్డు ఇచ్చారు. 'మరణించిన విద్యార్థులలో హాజరు నూరు శాతము ఉండుట అభినందనీయము' అని ప్రశంసాపత్రంలో రాశారు. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్న భోజనానికి బియ్యం నూట అరవై మందికే వచ్చాయి.

వంట చేసే సన్యాసమ్మ గరిటె పట్టుకుని హెడ్మాస్టరు గదికి వచ్చింది. "ఏటి బాబూ ఇది? బియ్యవేమో బతికున్నోలికే ఒచ్చినాయి. సచ్చిపోయినోలేమో ముందుగాల వొరసలో కూకున్నారు. ఆకలి కూడా ఆలకే ఎక్కువ."

"సరిపెట్టమ్మా."

"గంజి సెయ్యమంటే సేస్తాను. సరిపెట్టమంటే నానేటి సరిపెడతాను?"

టీచర్లం తలా కొంత బియ్యం తెచ్చి కలిపాం. ఆ నెల గడిచింది. తర్వాత నెల కూడా గడిచింది. ఏడాది చివర అంతా మామూలైపోతుందని మార్గదర్శకాల్లో ఎక్కడో ఉంటుందనుకున్నాం. నేను రెండుసార్లు చదివాను. లేదు.

పదో తరగతి హాల్ టికెట్లు వచ్చాయి. అరవై ముగ్గురికి నలభై రెండే ఉన్నాయి.

ముందుగా వచ్చింది నూకరత్నం తల్లి ముత్యాలమ్మ. ఆమె జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. పని కోసం ఏడాది మధ్యలో మా ఊరు వచ్చింది. నూకరత్నాన్ని అందరికంటే ఆఖరున చేర్చుకున్నాం కాబట్టి ఆ పిల్లది తరగతిలో ఆఖరి నంబరు, అరవై మూడు.

"నా గుంట సచ్చిపోనాదని రాసినారంట. ఎవులండీ రాసినారు?"

"నేనేనమ్మా" అన్నాను.

"ఎప్పుడు సచ్చిపోనాది? పొద్దున్నే నాతో దెబ్బలాడి, రిబ్బను బాగోలేదని ఇసిరికొట్టి మరీ ఒచ్చినాది. సచ్చిపోయినోలికి రిబ్బన్లెందుకు బాబూ?"

తవిటినాయుడుగారు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. నా ముందు రెండు అరచేతులూ చాపింది. జీడి రసానికి చర్మం నల్లగా కాలి, వేళ్ళ చివర్లు బిరుసెక్కి ఉన్నాయి.

"సూడండి. ఈ గుంట పరీచ్చ రాస్తే పాలిటెక్నిక్కంట. ఏదో పరీచ్చంట, సీటంట, అదే సెప్తాది, నాకు తెల్దు. రాయకపోతే మాత్రం నాకు తెలుసు. ఎండాకాలం నించి బట్టీకి రమ్మని మేస్త్రీ ఇప్పుడే అడిగెల్లినాడు. మీరు రాసినారు కదా. మీరే కొట్టీండి."

నేను రాశాను. కొట్టేయడం నా చేతిలో లేదు. యాపులో 'మరణము' పక్కన వెనక్కి తిప్పే గుర్తు ఏదీ లేదు.

మర్నాడు నేను, తవిటినాయుడుగారు, ముత్యాలమ్మ, నూకరత్నం జిల్లా ఆఫీసుకు వెళ్ళాం. విశ్వంభరంగారు మర్యాదగా కూర్చోబెట్టారు. గుమాస్తా ఫైలు మీద 'కీర్తిశేషురాలు స్వయముగా హాజరైనారు' అని రాసుకున్నాడు.

"నీవేనా అమ్మా నూకరత్నం?"

"అవునండి."

"రికార్డు ప్రకారము నీవు లేవు."

"మరి ఇప్పుడు మీరెవులతో మాటాడతన్నారండీ?" అంది పిల్ల.

ముత్యాలమ్మ ఆమె మోచేయి గిల్లింది. విశ్వంభరంగారికి కోపం రాలేదు. నా వైపు తిరిగి, "చూడండి మాస్టారూ. నాకూ పిల్లలున్నారు. కాని ఆ ప్లేగులో పోయినవారెవరైనా తిరిగి వచ్చినట్టు చరిత్రలో ఉన్నదా? ఒక్క ఆధారము చూపండి. సంతకము చేస్తాను. చారిత్రక వాస్తవికతకు భంగము కలిగించే అధికారము నాకు లేదు" అన్నారు.

తవిటినాయుడుగారు చాలా సాధుస్వభావులు. ఆ రోజు మాత్రం కొంచెం ముందుకు జరిగారు. "1215లో రాజే ఒప్పుకున్నాడు కదండీ, చట్టం లేకండా ఎవలి హక్కూ తియ్యననీ? ఈ పిల్ల హక్కు ఏ చట్టం కింద తీసీసినారు?"

"అది మీ పాఠశాలకు అలాట్ కాలేదు నాయుడుగారూ. ఆ హక్కులు దత్తత తీసుకున్న పాఠశాల ప్రాంగణము వరకే వర్తిస్తాయి."

"అయితే ఈ పిల్లని ఆ బడికి బదిలీ చేస్తాం."

"మరణించినవారికి టి.సి. ఇవ్వరాదు."

నేను ముప్పై ఏళ్ళుగా చరిత్ర చెప్తున్నాను. చరిత్రలో తిరిగి వచ్చినవాళ్ళు లేరు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆ గదిలో కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. చనిపోయినవాళ్ళు తిరిగి రారు గాని, చనిపోయినవాళ్ళ లెక్క మారుతుంది.

"మూడో వంతు అన్నది ఒక అంచనా అండీ" అన్నాను. "సగం పోయారన్నవాళ్ళు ఉన్నారు. పావు వంతే పోయారన్న పండితులూ ఉన్నారు. ఎవరూ నిలబడి లెక్కపెట్టలేదు. మన లక్ష్యం పావు వంతుకు సవరిస్తే చరిత్రకు భంగం ఉండదు."

విశ్వంభరంగారి ముఖం వెలిగింది. ఎవరినీ బతికించనక్కరలేకుండా కొందరు బతకడం ఆయనకు నచ్చింది. వెంటనే 'మరణముల పునఃఅంచనా సంఘము' వేశారు. అందులో ఒక రిటైర్డ్ లెక్చరరు, ఒక గణాంకాధికారి, కోరం కోసం ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నారు. సంఘం ఒక్క పూటలో, టీ తాగే లోపలే, పావు వంతుకు ఒప్పుకుంది. ఎనభై మందిలో అరవై మందే చనిపోయారు. ఇరవై మందిని అంచనాలో తప్పుగా చేర్చినట్టు తేల్చారు.

పదో తరగతి పిల్లలను ముందు తీసుకోమని బతిమాలాం. ఒప్పుకున్నారు. నంబరు వరుసలో ఇరవై పేర్లు తీశారు. మూడు, ఆరు, తొమ్మిది, అరవై వరకు. పదో తరగతిలో చనిపోయింది ఇరవై ఒక్క మంది.

"ఇంకొక్కర్తె బాబూ" అంది ముత్యాలమ్మ. గుమాస్తా వేలు ఆగిన చోటునే ఆమె చూస్తోంది. చదువు రాకపోయినా ఆమెకు కూతురి నంబరు తెలుసు.

"ఆమెను కూడా తీసిన యెడల యాభై తొమ్మిది అగును" అన్నారు విశ్వంభరంగారు.

"ఒకటే కదండీ తక్కువ" అన్నారు తవిటినాయుడుగారు.

"పావు వంతుకు తగ్గినచో దానిని ప్లేగు అనరు నాయుడుగారూ, జ్వరములు అంటారు. జ్వరములు మైలురాయి కాదు. మొత్తము అంచనా రద్దు అయి ఇరవై మందీ మళ్ళీ మరణింతురు."

"ఆరో క్లాసులో ఇంకో పిల్లాడి పేరు రాసీమంటారా?" అని అడిగి, అడిగినందుకు ఆయనే తల అడ్డంగా ఊపుకున్నారు.

"విద్యార్థుల నమోదు ముగిసినది. ప్లేగు 1350తో పోయినది కదా. ఇప్పుడు సిబ్బంది పట్టిక మాత్రమే తెరిచి ఉన్నది. అందులో ఇంతవరకు ఒక్క పేరూ రాలేదు."

ఆయన నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని అనుకుంటాను.

తవిటినాయుడుగారు లేచారు. "పదండి మాస్టారూ. కలెక్టరుగారి కాడికి ఎల్దాం. కోర్టుకెల్దాం."

పరీక్షకు నాలుగు రోజులే ఉంది. నూకరత్నం బల్ల మీద ఉన్న తన పేరు తలకిందులుగా చదువుకుంటోంది. ముత్యాలమ్మ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. ఆ ఇద్దరికీ సిబ్బంది పట్టిక అంటే ఏమిటో తెలియదు. నేను చెప్పలేదు.

ఇందుమతి ఒకసారి మా మధ్యాహ్నం కేరియర్ల దగ్గర ప్లేగు గురించి చెప్పింది. అప్పటిదాకా ఇంగ్లండు బడుల్లో ఫ్రెంచిలో చెప్పేవారట. ఆ పంతుళ్ళలో చాలామంది ప్లేగులో పోయారట. తర్వాత వచ్చినవాళ్ళకు ఫ్రెంచి సరిగా రాక, పిల్లలకు తెలిసిన భాషలోనే చెప్పడం మొదలుపెట్టారట. "టీచర్లు పోయాక గాని పిల్లలకి పాఠం అర్థం కాలేదండీ" అని, అందరికంటే ముందు తనే నవ్వేసింది.

"కంప్యూటరు ఇటు తిప్పండి" అన్నాను గుమాస్తాతో.

తవిటినాయుడుగారు నా భుజం పట్టుకున్నారు. "మాస్టారూ, వొద్దు. రాయాలంటే నాను రాస్తాను. మీరు లెగండి."

"ఎనభై నేనే రాశానండీ. ఇదీ నేనే రాస్తాను."

సిబ్బంది పట్టికలో ఆమె పేరు ఆరో వరుసలో ఉంది, నా పేరు కిందనే. పక్కన 'మరణము' నొక్కాను. కారణం అడిగింది. అక్కడ కూడా ఒకటే కారణం ఉంది. ఇందుమతి గుండె ఆగి పోయింది. దానికి చోటు లేదు. ఆ ఒక్క కారణమే నొక్కాను. రెండు నొక్కులు, పిల్లలకు పట్టినన్నే.

లెక్క అరవై ఒకటి అయింది. గుమాస్తా నూకరత్నం పేరు తీశాడు. అరవై.

హాల్ టికెట్ అక్కడే అచ్చు వేసి ఇచ్చారు. నూకరత్నం దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఫోటో ఇలగొచ్చినాదేటండీ, నిజంగా సచ్చిపోయినట్టే ఉన్నాను" అంది. ముత్యాలమ్మ వీపు మీద ఒకటి వేసి, నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోటో బాగా లేని మాట నిజమే.

విశ్వంభరంగారు గుమ్మం దాకా వచ్చారు. "మీ సహకారము మరువలేనిది" అన్నారు. తర్వాత ఉత్తర్వులో లేని మాట ఒకటి అనబోయినట్టు నోరు తెరిచి, అనకుండా లోపలికి వెళ్ళిపోయారు.

బస్సులో తవిటినాయుడుగారు నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఊరొచ్చేదాకా రోడ్డు చూస్తూనే ఉన్నారు. దిగేటప్పుడు, "ఆ రోజు ఫోను కట్టెయ్యకపోతే మనకి వేరే మైలురాయి వొచ్చీది మాస్టారూ" అన్నారు.

"కట్టేసినందుకే మీరు అక్కడ ఉన్నారండీ" అన్నాను.

నూకరత్నం అన్ని పరీక్షలూ రాసింది. ఇంగ్లిష్ కష్టంగా వచ్చిందంది. ఆ సబ్జెక్టు ఏడాదిలో చాలా భాగం చెప్పేవారు లేకుండానే గడిచింది. ఇప్పుడు పోస్టు ఖాళీ అని కంప్యూటరు ఒప్పుకుంది. అయితే ప్లేగులో ఖాళీ అయిన పోస్టులను మధ్యయుగం ముగిశాకే భర్తీ చేస్తారట.

వచ్చే ఏడు మా బడికి వేరే మైలురాయి ఇస్తామన్నారు. తవిటినాయుడుగారు వద్దన్నారు. ఇది ముగించి ఇంకోటి మొదలుపెడతామని రాసిచ్చారు. సంఘం మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుందో తెలియదు. నేను పుస్తకాలు తెచ్చుకుని, పావు వంతు కంటే తక్కువ పోయారని రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాను. సన్యాసమ్మ ఇంకా నూట ఎనభై ఒక్క మందికి వచ్చిన బియ్యంతోనే అందరికీ వండుతోంది.

మా లెక్కలో అరవై మంది ఉన్నారు. వారిలో యాభై తొమ్మిది మందిని ఇంకా బతికించవలసి ఉంది.